ఆగిందా బిడ్డా?

ఫోన్‌ల ఆ పిల్ల చెప్పినదాంట్ల సగమే నా చెవిన పడ్డది. మిగతా సగం నేనే కల్పించుకున్న. ముప్పై ఏండ్లు ఆడపిల్లల బడిల తెలుగు పంతులమ్మగ పనిచేసినదాన్ని, ఖాళీలు పూరించుడు నాకు కొత్త కాదు. పూరించినంక తేలిందేందంటే, ఆ పిల్ల పేరు నిషా. చార్మినార్ కాడ ముత్యాల దుకాణం గిర్ధారీ సేఠ్‌కు మనుమరాలు. సేఠ్ పోయినప్పటి సంది గోనెపట్టాల కింద పండుకున్న ఆయన రెండు సీట్ల విలాయతి కారును ఇప్పుడు లేపుతున్నరట. ఇంజన్ తయారైంది, పెట్రోల్ పంపు కొత్తది తెప్పించిండ్రు, ఆదివారం బిగిస్తరు.

“పంపు బిగించేటప్పుడు చాబీ పక్కన ఉండాలె అని దాదాజీ ఎప్పుడూ అంటుండె ఆంటీ. చాబీ అంటే కారు చాబీనే అనుకున్నం. మా డాడీ నవ్విండు. కాదు, మల్లయ్య మిస్త్రీ బిడ్డను దాదాజీ అట్ల పిలుస్తుండె అన్నడు. మీరేనా?”

నేనే. ఉర్దూల చాబీ, తెలుగుల తాళంచెవి. తాళానికి కూడ ఒక చెవి పెట్టిన భాష మనది. మా ఇంట్ల ఆ చెవి నేనే. “వస్తనమ్మా” అని ఫోన్ పెట్టేసిన. పెట్టేసినంక గానీ తోచలే, నేను ఆడికి పోయి చెయ్యాల్సిన పని వినుడు అని. రెండేండ్ల సంది నా కుడిచెవి వెనక శనగగింజంత మిషన్ ఒకటి కాపురముంటున్నది. ఎడమచెవికి మిషన్ పెట్టినా దండుగే అని డాక్టర్ తేల్చేసిండు. ఎవ్వరికి కనపడొద్దని జుట్టు కిందికి దువ్వుకుంట. నా చెవిల ఎవరన్న పువ్వు పెడదామన్నా ఇప్పుడు జాగ లేదు. పక్కింటోళ్ళకు తెల్వది, నాతోని పనిచేసిన టీచర్లకు తెల్వది. చెవుడు దాచిపెట్టుడు నాకు మా బాపు నుంచి వచ్చిన ఆస్తి. వేరే ఆస్తి ఏం రాలే గనుక దీన్ని మస్తు జాగ్రత్తగ కాపాడుకుంటున్న.

శాలిబండల మా ఇల్లంటే ముందర కార్ఖానా, వెనక సంసారం. నడుమ ఒక రేకు తలుపు. ముందర పెట్రోలు, గ్రీజు, కాలిన రబ్బరు. వెనక జొన్నరొట్టె, పచ్చిపులుసుల నలిపిన కాల్చిన మిరపకాయ. రెండు దిక్కుల వాసనలు ఆ రేకు తలుపు కాడ కలుసుకుని, నా బడి బట్టల మీద కూసుంటుండె. “నీ టిఫిన్ డబ్బా పెట్రోల్ తాగుతదానే?” అని పక్కన కూసునే పిల్లలు ఎక్కిరిస్తుండ్రి. పొద్దుమూకినంక బాపు కట్టెపొట్టుల బట్టల సబ్బు కలిపి మోచేతుల దాక రుద్దుకునేటోడు. ఎంత రుద్దినా గోర్ల కింద నల్లగీతలు పోకుండె. అమ్మ పళ్ళెంల రొట్టె వేస్తూ ఆ గోర్లు చూసి, “చేతులకు గూడ కాటుక పెట్టుకున్నవా?” అంటుండె. బాపు నవ్వేటోడు. వినపడి కాదు, ఆమె పెదవులు చూసి.

బాపుకు వినపడదు. చిన్నతనంల రేకుపెట్టెలు చేసే కార్ఖానాల కూలికి కుదిరి, పొద్దంత సుత్తెతోని రేకులు కొట్టి కొట్టి, నేను పుట్టేనాటికే ఆయనకు లోకమంత గోడ అవతలి మాటోలె అయిపోయింది. ఆ సంగతి తెల్సినోళ్ళు ఇద్దరమే, అమ్మ, నేను. గిరాకులకు తెల్వనియ్యలే. ఇంజన్ చప్పుడు వినని మిస్త్రీకి బండి ఎవరిస్తరు? బాపు ఎదుటి మనిషి పెదవులు చదివేటోడు. తెలుగు చదివేటోడు, ఉర్దూ చదివేటోడు. కాగితం మీది అక్షరం మాత్రం ఏ భాషలదీ రాదు. మీసాలు పెదవుల మీదికి పెంచుకున్న గిరాకీ వస్తె ఇగ నన్ను పిలుస్తుండె. ఆ మీసాల వెనక మాటను నేను విని, బాపు దిక్కు తిరిగి, ఏదో నా సొంత ముచ్చటోలె మళ్ళ చెప్తుంటి. “ఈ పిల్ల ఏంది భాయ్, చిలకోలె అన్నదే అంటది” అనుకునేటోళ్ళు.

ఇంజన్‌ను వినేతందుకు ఆయన కనిపెట్టుకున్న ఉపాయం వేరు. ఒక పొడుగాటి స్క్రూడ్రైవర్ ఉండె, కట్టెపిడిది. దాని కొన ఇంజన్ మీద ఆనించి, పిడిని పండ్ల నడుమ పట్టుకుని కండ్లు మూసుకునేటోడు. ఏ నట్టు వదులైందో, ఏ బేరింగు అరుగుతున్నదో ఆయన దవుడకు తెలుస్తుండె. మిగతా మిస్త్రీలు స్క్రూడ్రైవర్ చెవికి ఆనించుకుంటరు, ఈయన నోట్లె పెట్టుకుంటడు, అంతే ఫరక్. గిరాకులు అదేదో పెద్ద విద్య అనుకున్నరు. “మల్లయ్య ఇంజన్ రుచి చూస్తడు భాయ్. ఉప్పు తక్కువైతే చెప్పేస్తడు” అని హోటల్ల కూసుని చెప్పుకునేటోళ్ళు. పిడి మీద ఆయన పండ్ల గుర్తులు పడి పడి అది చీకిపడేసిన మామిడిటెంకోలె అయింది. ఇప్పుడది మా వంటింట్ల ఉంటది. డబ్బా మూతలు బిగుసుకుంటే తీసేతందుకు వాడుత.

ఇంట్ల బాపును పిలుచుడు ఒక పెద్ద పని. కేకేస్తే లాభం లేదు, గిరాకుల ముందటికి వచ్చి భుజం తట్టుడు అమ్మకు నచ్చదు. అందుకని అమ్మ చింతపండు పిసికినప్పుడల్ల గింజలు కడిగి, ఎండబెట్టి, రేకు తలుపు పక్క గూట్లె ఒక ముంతల పోసి పెట్టుకునేది. రొట్టె అయితే ఒక గింజ. చుట్టాలొస్తే రెండు. నా లెక్కల మార్కులు వస్తే మూడు, అంటే నేను తప్పినప్పుడు అన్నట్టు. అమ్మ గురి తప్పేది కాదు. తలుపు సందుల నుంచి ఇసిరితే బాపు వీపు నడుమ ఠక్కున తాకేది. చూసినోళ్ళు ఈ ఆలుమగలకు రోజూ లొల్లే అనుకునేటోళ్ళు. “ఏంది మల్లన్నా, వదినె రాళ్ళేస్తున్నది?” అని ఒకాయన అడిగితె బాపు కింద పడ్డ గింజ ఏరి జేబుల వేసుకుని, “ప్రేమ భాయ్” అన్నడు. బట్టలు పిండేటప్పుడు ఆయన అంగీ జేబు దులిపితే గింజలు రాలుతుండె. అమ్మ వాటిని ఏరి మళ్ళ ముంతల పోసేది. మా ఇంట్ల ఏ గింజ ఊరికె పోలే, మొలకెత్తనూ లేదు.

ఇగ కారు ముచ్చట. గిర్ధారీ సేఠ్ భారీ మనిషి, కారు చిన్నది. పిస్తా రంగు, పైన కప్పు లేదు, భూమికి జానెడెత్తుల ఉండె. ఏదో నవాబుల పాత దేవిడీల సామాను అమ్ముతున్నరంటే ఝూమర్ దీపాలు కొందామని పోయిన సేఠ్, దీన్ని చూసి ఝూమర్లు మర్చిపోయి వచ్చిండట. ఆయన అందుల కూసుంటుంటే కారు ఎక్కుతున్నట్టు లేకుండె, తొడుక్కుంటున్నట్టు ఉండె. దిగాలంటే ఇద్దరు చేతులు పట్టి గుంజాలె.

ఆ కారు సీట్ల వెనక పలక లేపితే పిడికిలంత పెట్రోల్ పంపు, కరెంటుతోని నడిచేది. చాబీ తిప్పంగనే ఇంజన్ కంటే ముందు అది లేస్తది. టక్ టక్ టక్ టక్ అని వడివడిగ కొట్టుకుంట ట్యాంకుల నుంచి పెట్రోల్ గుంజి ముందర కార్బొరేటర్‌కు పంపుతది. కార్బొరేటర్ నిండుతున్నకొద్ది టక్కుకు టక్కుకు నడుమ ఎడం పెరుగుతది. నిండినంక ఆగుతది. ఆగితేనే పంపు బాగున్నట్టు. అంత నిండినంక కూడ ఉండి ఉండి ఒక టక్కు వినపడ్డదంటే ఎక్కడనో పైపు జాయింటు కాడ వాషర్ సరిగ కూసోలే, పంపు పెట్రోల్‌తోని పాటు గాలి గూడ గుంజుతున్నదని అర్థం. అట్ల పోతే దారిల ఎక్కడన్న నిలబెడ్తది. పైగా అది మొండి పంపు. కొన్ని పొద్దులు అసలు లేవనే లేవది. అప్పుడు సేఠ్ పలక లేపి, కాలి జోడు తీసి, దాని నెత్తి మీద ఒక్కటేస్తుండె. వెంటనే టక్ టక్ మొదలు. “మొత్తం ఖాందాన్‌ల నా మాట వినేది ఇది ఒక్కటే బేటీ. అది గూడ జోడు తీస్తెనే!” అంటుండె నాతోని.

జోడు దెబ్బలకో, పెట్రోలు తడికో గానీ ఆ పంపు లోపలి రబ్బరుపొర అప్పుడప్పుడు చిరిగేది. అదే ఊపిరి పీల్చినట్టు ముందుకు వెనకకు ఆడి పెట్రోల్ గుంజేది. బాపు చాప పరుచుకుని, తెల్లబట్ట మీద పంపును విప్పి, ముక్కలన్నిటిని విప్పిన వరుసలనే పేర్చి పెట్టుకునేటోడు. ఆయన చెయ్యి ఆ వరుస మీద తిరుగుతుంటే అమ్మ పోపు డబ్బా ముందర కూసున్నట్టే ఉండె. కొత్త పొర వేసి, పంపును కారుకు బిగించి, పైపులు కలిపినంక నన్ను పిలుస్తుండె.

“బిడ్డా, చాబీ దగ్గర కూసో.”

ఆ మాట కోసం నేను రేకు తలుపు కాడ పుస్తకం తెరుసుకుని, ఒక్క పేజీ తిప్పకుండ కూసుంటుంటి. సేఠ్ సీట్ల కూసుంటే నా కాళ్ళు కింద ఆనకుండె. తోలు సీటు వెచ్చగ ఉండేది, అత్తరు, పెట్రోలు కలిసిన వాసన కొట్టేది. మొదటిసారి కూసోపెట్టినప్పుడే బాపు చెప్పిండు. “ఇంజనంటే నాకు పండ్లల్ల వినపడ్తది. ఈ పంపు శానా సన్నగ కొట్టుకుంటది బిడ్డా, స్క్రూడ్రైవర్‌కు దొరకది. ఇది నువ్వే వినాలె.” నేను చాబీ తిప్పుతుంటి. బాపు కారు పక్క నుంచి సీటు వెనకకు వంగి, దొరకదని తానే చెప్పినా అలవాటు కొద్ది స్క్రూడ్రైవర్ కొన పంపు మీద ఆనించి, పిడి పండ్ల నడుమ పట్టుకునేటోడు. ఆయన మొఖం నా మొఖానికి మూరెడు దూరంల ఉండేది. నోట్లె పిడి ఉంటే మాట రాదు గనుక కనుబొమ్మలు లేపేటోడు. ఆగిందా బిడ్డా? నేను మనసుల ఇరవై దాక లెక్కపెట్టాలె. ఆ లోపల ఇంకో టక్కు రాకుంటే చెయ్యి లేపాలె. వస్తే తల అడ్డంగ ఊపాలె. బయట బజారు లొల్లి, సైకిల్ గంటలు, పక్క దుకాణంల రేకుల మోత. అంత సన్న చప్పుడు సీట్ల కూసున్నోళ్ళకు తప్ప వినపడదు. అంటే అప్పుడు లోకం మొత్తంల ఆ టక్కు నా ఒక్కదానిది. తర్వాత జీవితంల చాలామంది నన్ను చాలా అడిగిండ్రు, ఇంటర్వ్యూలల్ల, పెండ్లిచూపులల్ల. నా జవాబు కోసం అంత దగ్గరగ, అట్ల చూసుకుంట కూసున్నోళ్ళు మళ్ళ ఎవ్వరు కానరాలే.

ఇప్పుడు చెప్పేది నేను ఎన్నడు, ఎవ్వరికి చెప్పని మాట. అప్పటికి నాకు పదిహేడేండ్లు, కాళ్ళు కింద ఆనుతున్నయి. నది అవతల టాకీసుల మ్యాట్నీకి సరళ అనే దోస్తు రెండు టికెట్లు తెచ్చింది. గల్లీ మలుపుల నిలబడి, నిమిషానికోసారి గాజులు సవరించుకుంట నా దిక్కు చూస్తున్నది. ఆ దినమే సేఠ్ కారుకు పొర మార్చుడు అయింది. సేఠ్‌కు కొత్తగ కుదిరిన వియ్యంకుడు నాంపల్లి స్టేషన్‌ల దిగుతున్నడు. ఆయనను ఈ కారుల కూసోపెట్టుకుని చార్మినార్ చుట్టు తిప్పి ఇంటికి తేవాలని సేఠ్ పట్టుదల. తెల్ల షేర్వాణీ తొడుక్కొచ్చి, బజారు మొఖాన నిలబడి, గడియారం చూసుకుంట అటూ ఇటూ తిరుగుతున్నడు.

చాబీ తిప్పిన. పంపు వడివడిగ కొట్టుకున్నది, నెమ్మదించింది, ఆగినట్టే ఉన్నది. లెక్క మొదలుపెట్టిన. పదకొండు కాడ ఒక టక్కు. మళ్ళ మొదటి నుంచి. పదకొండు కాడ మళ్ళొకటి. తల అడ్డంగ ఊపాలె. ఊపితే పైపులు విప్పి, వాషర్ మార్చి, మళ్ళ బిగించి, అరగంట. సరళ గాజులు గలగలమన్నయి. బాపు కనుబొమ్మలు లేచినయి.

నేను చెయ్యి లేపిన.

బాపు వెంటనే కదల్లే. స్క్రూడ్రైవర్ అట్లనే పండ్ల నడుమ పట్టుకుని నా మొఖం దిక్కు చూసిండు. ఒక గుక్క నీళ్ళు మింగినంత సేపు, అంతే. తర్వాత పిడి నోట్లెకెళ్ళి తీసి, తువ్వాలతోని తుడిచి, “ఆగింది సేఠ్. తీస్కపోండ్రి” అన్నడు. నేను చెప్పులేసుకునుడు, ఉరుకుడు ఒక్కటే. మలుపు కాడ వెనక్కి తిరిగి చూస్తే బాపు పానాల సంచి ఒళ్ళె పెట్టుకుని సేఠ్ పక్కన కూసుంటున్నడు. గిరాకీ బండ్ల ఎక్కి ఆయన ఎన్నడు పోయేటోడు కాదు. ఇయ్యాల షోకు పుట్టిందేమో అనుకున్న.

బస్సు అఫ్జల్‌గంజ్ దిక్కు పోయేతందుకు నయాపూల్ వంతెన ఎక్కింది, ఎక్కి ఆగిపోయింది. ముందర హారన్లు. “ఏందన్నా, ఏమైంది?” అని ఎవరో అడిగితె కండక్టర్ తలకాయ బయటికి పెట్టి చూసి, “పచ్చగ ఏదో బొమ్మకారు అడ్డం నిలబడ్డది” అన్నడు. బస్సు దిగిన. “ఏయ్, టికెట్లే! ఆట మొదలైతది!” అని సరళ కిటికీల నుంచి మొత్తుకుంటనే ఉన్నది. ఆ సినిమా నేను చూడలే. ఇప్పటికీ చూడలే. టీవీల వస్తె ఛానల్ మారుస్త.

వంతెన నడుమ పిస్తా రంగు కారు, దాని చుట్టు మంది. “ధక్కా కొట్టాల్నా, దూల్హే రాజా?” అని షేర్వాణీ చూసి ఆటోల నుంచి ఒకడు. “పెట్రోల్ పోయమంటే అత్తరు పోసినట్టుండు భాయ్!” అని ఇంకొకడు. షేర్వాణీ వీపంత తడిసిపోయి సేఠ్ మొఖం కందిపోయింది. బాపు సీటు వెనక వంగి పైపు జాయింటు విప్పుతున్నడు.

సేఠ్ ఆయన భుజం పట్టి ఇటు తిప్పిండు. “మల్లయ్యా! ఆగింది అన్నవ్ గద! విని చెప్పినవ్ గద! మరి గిదేంది? మా సంధీజీ ఆడ ప్లాట్‌ఫారం మీద పెట్టె మీద కూసుని ఉంటడు! ఇజ్జత్ తీసినవ్ నాది!”

ఆ పెదవులు చదువుతున్న బాపు కండ్లు పక్కకు జరిగి, మంది నడుమ నన్ను చూసినయి. నేను నోరు తెరిచిన్నో, తెరవాల్నని అనుకున్ననో, ఇన్నేండ్లైనా నాకు సరిగ తెల్వది. తెరిచిన అని రాసుకుంటే బాగుండు గానీ రాయలేను. బాపు నాకంటే ముందు మాట్లాడిండు.

“నాకు వినపడది సేఠ్.”

“క్యా?”

“రెండు చెవులు వినపడవు. మస్తు ఏండ్లాయె. మీకు చెప్పలే. తప్పు నాదే.”

అంత మందిల, అంత గట్టిగ ఆయన మాట్లాడుడు నేనెన్నడు వినలే. తన గొంతు ఎంత ఎత్తుల ఉన్నదో ఆయనకు తెల్వది గద. బాపు మళ్ళ వంగి, సంచిలకెళ్ళి వాషర్ తీసి, వేసి, జాయింటు బిగించిండు. పావుగంట పట్టింది. సేఠ్ ఆయన మొఖం చూడకుండ చాబీ తిప్పిండు, కారు పోయింది. బాపు సంచి భుజానికేసుకుని నా కాడికొచ్చిండు.

“బస్సు పోయిందా?”

తలూపిన.

“పా, నడుద్దాం.”

మదీనా చౌరస్తా కాడ నాకు చెరుకురసం తాగిపిచ్చిండు. నేను తాగుతుంటే గ్లాసు దిక్కు కాదు, నా మొఖం దిక్కే చూస్తున్నడు.

మేము నడిచి చేరేలోపల్నే ఆ మాట బస్సెక్కి శాలిబండకు చేరింది. చెవిటోని సంగతి ఊరందరి చెవుల పడ్డది. వారంల ఒక కారు వెనక్కి పోయింది, నెలల మిగతావి. మిస్త్రీ మల్లయ్య చెవిటి మల్లయ్య అయిండు. పెట్రోల్ పంపు మనిషి పంపు స్టవ్వుల మనిషి అయిండు. గల్లీల ఆడోళ్ళు స్టవ్వులు తెచ్చి ఆయన ముందర పెట్టి, మూగోనితోని చెప్పినట్టు చేతులు తిప్పి చెప్పేటోళ్ళు. ఇగ దాచేది ఏం లేదు గనుక అమ్మ బయటికొచ్చి భుజం తట్టచ్చు. తట్టలే. గింజలే ఇసిరింది. అమ్మ నన్ను ఒక్కటే మాట అడిగింది, “ఆ దినం నువ్వు సరిగ్గనే విన్నవ్ గద?” అని. “విన్ననే” అన్న. అందుల అబద్ధం లేదు చూడుండ్రి. విననే విన్న.

సేఠ్ మాత్రం కొన్నాళ్ళకు తిరిగొచ్చిండు. కారును నలుగురు తోసుకుంట తెచ్చిండ్రు. “చెవులున్న మిస్త్రీలు ముగ్గురు చూసిండ్రు. ఒక్కనికి చాతగాలే” అన్నడు, బాపుకు తెలిసేటట్టు పెదవులు మెల్లగ కదిలించి. బాపు పంపు విప్పిండు, పొర మార్చిండు, బిగించిండు. నేను రేకు తలుపు వెనకనే ఉన్న. నన్ను పిలవడనుకున్న. పిలవొద్దని గూడ అనుకున్న.

“బిడ్డా, చాబీ దగ్గర కూసో.”

కూసున్న. ఇరవై దాక కాదు, నూరు దాక లెక్కపెట్టినంక చెయ్యి లేపిన. ఆయన తిట్టుంటే ఎప్పుడో మర్చిపోతుంటి. మళ్ళ అదే సీట్ల కూసోపెట్టుడే నన్ను యాభై ఏండ్లు మర్చిపోనియ్యలే. చెప్పాల్నని ఎన్నోసార్లు అనుకున్న. వినపడని మనిషికి చెప్పాలంటే ఎదురుగ నిలబడి, మొఖం చూపిస్తూ చెప్పాలె. గంత ధైర్యం నాకు ఆయన ఉన్నన్ని దినాలు రాలే.

ఆదివారం స్క్రూడ్రైవర్‌ను చేతిసంచిల వేసుకుని షేర్ ఆటో ఎక్కిన. ఆ కారు లేపుతున్న మిస్త్రీకి దాన్ని ఇచ్చి వద్దామని, అంతే. శాలిబండల దిగిన. మా పాత ఇల్లు ఇప్పుడు ఫోన్ కవర్ల దుకాణం. రేకు తలుపున్న జాగల అద్దం తలుపు. ఒక్క నిమిషం ఆగి ముక్కు ఎగబీల్చిన, ప్లాస్టిక్ వాసన తప్ప ఏం రాలే. ఇమ్రాన్ అనే మిస్త్రీ కార్ఖానా ఆడికి రెండు గల్లీల అవతల. నలభై ఏండ్లుంటయి, గోర్లు సాఫుగ ఉన్నయి. ఇప్పటి బండ్లకు పంపు ట్యాంకు లోపల మునిగి, చప్పుడు చెయ్యకుండ కూసుంటదట. ఏం చెడిందో తెర మీద అక్షరాలల్ల చూపిస్తదట. వినుడు పనే లేదు. బాపు ఈ కాలంల పుట్టుంటే చెవులు లేకున్నా రాజోలె బతుకుతుండె అనుకున్న. అంతలనే యాదికొచ్చింది, ఆయనకు చదువు రాదు. మళ్ళ నేనే కూసోవాల్సి ఉండె పక్కన.

“సలాం అమ్మా. మల్లయ్య చాచా గురించి మా అబ్బా మస్తు చెప్తుండె” అన్నడు ఇమ్రాన్. “చప్పుడు లేని పంపు గూడ దొరుకుతుండె. మేడమే వద్దన్నది.”

“టక్ టక్ లేకుంటే అది దాదాజీ కారెట్లయితది ఆంటీ?” అన్నది నిషా. సన్నగ, ఎత్తుగ ఉన్నది. తాత ఒడ్డు పొడుగుల పొడుగు మటుకే ఈ పిల్లకొచ్చింది.

కారు మళ్ళ పిస్తా రంగులనే మెరుస్తున్నది. సీటు తోలు కొత్తది, అత్తరు లేదు. చాబీ తిప్పిన. ఇమ్రాన్ ముందర కార్బొరేటర్ మీద వంగి ఉన్నడు, నిషా ఫోన్ పట్టుకుని ఫొటోలు తీస్తున్నది. పక్క దుకాణంల ఇనుము కోసే మిషన్ మొదలైంది. నా చెవి వెనక శనగగింజ ఆ కోత చప్పుడునంత గంపకెత్తి నా నెత్తిల కుమ్మరిచ్చింది. టక్కు లేదు, ఏం లేదు.

“ఆగిందా అమ్మా?” అని ఇమ్రాన్ తలెత్తిండు. ఈ మాట ఆయన పెదవుల మీద చదివిన. “ఈ లొల్లిల నాకు తెలుస్తలేదు. సీట్ల ఉన్నోళ్ళే చెప్పాలె.”

చెయ్యి లేపితే అయిపోతది. ఇద్దరు చప్పట్లు కొడ్తరు, చాయ్ తెప్పిస్తరు. చెయ్యి సగం దాక లేచింది గూడ. దానికి అలవాటున్న తప్పే గద.

“నాకు వినపడది బేటా” అన్న. “రెండు చెవులు వినపడవు. మీకు చెప్పలే.”

నిషా ఫోన్ దించింది. ఇమ్రాన్ ఒక్క అడుగు ముందుకేసి, “ఫికర్ లేదమ్మా, నేను చూస్త” అనబోయిండు. “ఉండు” అని సంచిలకెళ్ళి స్క్రూడ్రైవర్ తీసిన. సీటు మీద మోకాళ్ళూని వెనక్కి తిరిగి, కొన పంపు మీద ఆనించిన. బాపు పండ్ల గుర్తులల్ల నా పండ్లు పెట్టి పిడి పట్టుకున్న.

టక్.

పండ్లల్లకెళ్ళి దవుడకు, దవుడకెళ్ళి నడినెత్తికి. ఎవరో గోరుతోని లోపల్నుంచి తట్టినట్టు, ఇంత సాఫుగ నా మిషన్‌ల ఏ చప్పుడు ఎన్నడు రాలే. టక్. టక్. స్క్రూడ్రైవర్‌కు దొరకది, నువ్వే వినాలె అన్నడు బాపు. దొరకకపోవుడేంది? చింతగింజ వీపుకు తాకినంత తేటగ తాకుతున్నది.

ఆ దినం గూడ ఈ పిడి ఆయన పండ్ల నడుమనే ఉండె. పదకొండు కాడి టక్కు నా చెవికి వచ్చినప్పుడే ఆయన దవుడకు గూడ వచ్చింది. మలుపుల సరళ గాజులు ఆయన చూసే ఉంటడు. నేను చెయ్యి లేపితే, సేఠ్ ముందట బిడ్డ మాట కాదనలేక, పానాల సంచి ఒళ్ళె పెట్టుకుని తానే కారెక్కిండు. యాభై ఏండ్లు నేను ఒక చెవిటి మనిషిని మోసం చేసిన అనుకుంట బతికిన. ఆయనకు అన్నీ వినపడ్డయి. నా చెవులతోని ఆయనకు ఏం పని లేకుండె. మరి అన్నేండ్లు ఆ సీట్ల నన్నెందుకు కూసోపెట్టుకున్నట్టు?

టక్కులు నెమ్మదించినయి. ఆగినట్టే ఉన్నది. లెక్క మొదలుపెట్టిన. ఎనిమిది. తొమ్మిది. పది. పదకొండు.

టక్.

ఇమ్రాన్ దగ్గరికొచ్చి వంగిండు. ఆయన కనుబొమ్మలు లేచినయి. నోట్లె పిడి ఉన్నది, మాట రాదు. తల అడ్డంగ ఊపిన.